కాపీరైట్ గురించి ఆన్‌లైన్‌లో ఏది చదవాలి? ఒడిశా సరిహద్దు కాలేజీల సిబ్బందికి ఒక పోలిక

మా కాలేజీ స్టాఫ్‌రూమ్ నోటీసు బోర్డు మీద ఒకసారి ఒక కాగితం అంటించారు. "కాపీరైట్ నిబంధనల ప్రకారం ఏ పుస్తకంలోనైనా 10 శాతానికి మించి జెరాక్స్ తీయరాదు" అని. కొత్తగా చేరిన ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన దాన్ని అక్షరాలా పాటించాడు. పుస్తకం 312 పేజీలు. పది శాతం అంటే 31. ఆయనకి కావలసిన చాప్టర్ 34 పేజీలు. చివరి మూడు పేజీలు వదిలేసి కాపీలు తీయించి పిల్లలకి పంచాడు. మర్నాడు క్లాసులో ఒకమ్మాయి లేచి, "సార్, ఈ డెరివేషన్ సగంలో ఆగిపోయింది" అంది. సాయంత్రానికల్లా పిల్లలు గేటు ఎదురుగా ఉన్న షాపులో పుస్తకం మొత్తం స్పైరల్ బైండింగ్ చేయించేసుకున్నారు.

ఆ పది శాతం మన చట్టంలో ఎక్కడా లేదు. ఆస్ట్రేలియా చట్టంలో ఉంది. ఎవరో నెట్‌లో వెతికి, మొదట కనిపించిన విదేశీ లైబ్రరీ పేజీలోంచి దించేశారు. ఆ పేజీ రాసినవాళ్లకి అది నిజమే. పర్లాకిమిడిలో పాఠం చెప్పేవాళ్లకి కాదు.

నేను గజపతి జిల్లాలో ఒక ప్లస్ త్రీ (డిగ్రీ) కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. బరంపురం, రాయగడ, గుణుపురం, జయపురం కాలేజీల్లో తెలిసినవాళ్లు ఉన్నారు. ఎవరు ఫోన్ చేసినా చివరికి ఒకటే అడుగుతారు: "మేడమ్, ఈ కాపీరైట్ గొడవ అర్థమయ్యేలా ఎక్కడైనా ఉందా? ఒక్క లింకు పంపండి చాలు." ఒక్క లింకుతో పోయేది కాదు గనకే ఇది రాస్తున్నాను. కోర్సులున్నాయి, హ్యాండ్‌బుక్కులున్నాయి, వీడియోలున్నాయి. ఎవరికి ఏది సరిపోతుందో చూద్దాం.

ముందు దేన్నిబట్టి కొలవాలి

మొట్టమొదట చూడాల్సింది ఏ దేశపు చట్టం అన్నది. దీని ముందు మిగతావన్నీ చిన్నవే. కాపీరైట్ ఏ దేశానికి ఆ దేశం రాసుకున్న చట్టం. మనది 1957 నాటిది, 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది. చదువు చెప్పేవాళ్లకి ఇచ్చిన వెసులుబాట్లన్నీ దాదాపు సెక్షన్ 52లోనే ఉన్నాయి. మీరు తెరిచిన పేజీలో "ఫెయిర్ యూజ్", "నాలుగు అంశాలు", "సెక్షన్ 107" అని కనబడితే అది అమెరికా. మనది "ఫెయిర్ డీలింగ్". పేరు దగ్గరగా ఉన్నా రెండూ ఒకటి కావు. అమెరికాలో నాలుగు అంశాలు తూచి కోర్టు నిర్ణయిస్తుంది. మన దగ్గర ఏయే పనులకి మినహాయింపు ఉందో చట్టమే జాబితా రాసి పెట్టింది.

రెండోది తాజాదనం. 2012లో చట్టానికి పెద్ద సవరణ జరిగింది. అంతకుముందు ఫోటోలకి కాపీరైట్ ప్రచురణ తర్వాత 60 ఏళ్లు. ఇప్పుడు ఫోటో తీసినవాళ్ల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. పాత లెక్క రాసి ఉందంటే ఆ గైడ్ పాతది. ఇంకో గుర్తు చెప్తాను. "కాపీరైట్ బోర్డుకి దరఖాస్తు చేసుకోవాలి" అని ఉంటే అది 2017కి ముందుది. ఆ పని తర్వాత ఐపీఏబీకి (మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డుకి) వెళ్లింది, 2021లో దాన్నీ ఎత్తేశారు. ఇప్పుడు ఆ వ్యవహారాలు హైకోర్టులు, కమర్షియల్ కోర్టుల దగ్గరున్నాయి. కాపీరైట్ ఆఫీసు మానవ వనరుల శాఖ కింద ఉందని రాసుంటే 2016కి ముందుది. పాలు విరిగాయో లేదో వాసన చూసినట్టు ఈ మూడూ చూస్తే చాలు, రెండు నిమిషాల పని.

మూడోది, ఆ గైడ్ మన పని దగ్గర మొదలవుతుందా, సెక్షన్ దగ్గర మొదలవుతుందా? "సెక్షన్ 14 ప్రకారం కాపీరైట్ అనగా" అని మొదలైతే మా కామర్స్ సార్ రెండో పేరాలో మూసేస్తారు. "స్కాన్ చేసి వాట్సాప్‌లో పెట్టొచ్చా?" అని మొదలైతే చివరిదాకా చదువుతారు.

ఇక భాష, టైమ్, నెట్. కొండ మీది కాలేజీల్లో సిగ్నల్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎనిమిది వారాల వీడియో కోర్సు అక్కడివాళ్లకి చెప్పడం తేలిక, చూడటం కష్టం.

చివరిది చాలామందికి తట్టదు. ఆ గైడ్‌ని మనం తీసుకుని మార్చుకోవచ్చా? కాపీరైట్ గైడ్‌కి కూడా కాపీరైట్ ఉంటుంది. పక్క యూనివర్సిటీ రాసుకున్న పేజీని లోగో మార్చి మన వెబ్‌సైట్లో పెట్టేసుకుంటే, అందులో వద్దని చెప్పిన పనే మనం చేసినట్టు.

పరీక్ష పెట్టడానికి అయిదు ప్రశ్నలు

ఏ గైడ్ దొరికినా నేను ఈ అయిదు ప్రశ్నలు పట్టుకుని దాంట్లోకి దిగుతాను. మా స్టాఫ్ నిజంగా అడిగేవి ఇవే.

1. పుస్తకంలో ఒక చాప్టర్ స్కాన్ చేసి క్లాసు గ్రూపులో పెట్టొచ్చా?
2. ఇప్పటి కవి కవితని ప్రశ్నపత్రంలో వేయొచ్చా?
3. యాన్యువల్ డేలో పాటలు, నాటకం, దాన్ని నెట్‌లో లైవ్?
4. లైబ్రరీలో పాడైపోతున్న పాత పుస్తకాన్ని స్కాన్ చేసి అందరికీ పెట్టొచ్చా?
5. నేను తయారుచేసిన నోట్సు, వీడియో పాఠం నావా, కాలేజీవా?

ఒక్క చూపులో

| ఎక్కడ | ఏ చట్టం | ఎంత టైమ్ | ఖర్చు | అయిదింటిలో ఎన్నిటికి దారి దొరుకుతుంది |
|---|---|---|---|---|
| చట్టం పాఠం, కాపీరైట్ ఆఫీసు ప్రశ్నోత్తరాలు | మనదే | ఒక పూట | లేదు | అయిదూ, కాని తవ్వుకోవాలి |
| స్వయం, ఎన్‌పీటీఈఎల్ కోర్సులు (ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలు) | మనదే | వారాలు | చదవడం ఉచితం, పరీక్షకి ఫీజు | రెండు, మూడు |
| వైపో డీఎల్-101 | అంతర్జాతీయం | వారాలు | లేదు | నేరుగా ఒక్కటీ లేదు |
| విదేశీ యూనివర్సిటీ గైడ్లు | వాళ్లది | అరగంట | లేదు | అయిదూ, జవాబులు మనకి నప్పవు |
| క్రియేటివ్ కామన్స్ పాఠాలు | లైసెన్సుల గురించి | రెండు మూడు రోజులు | చదవడం ఉచితం, సర్టిఫికెట్‌కి ఫీజు | అయిదోదానిలో సగం |
| మన కాలేజీ సొంత పేజీ | మనదే | చదవడానికి పది నిమిషాలు | మన శ్రమ | అయిదూ |

చివరి వరుస చూసి నేను ఎటు మొగ్గుతున్నానో మీకు అర్థమైపోయి ఉంటుంది. అయినా ఒక్కొక్కటీ చూద్దాం. సొంత పేజీ రాయాలన్నా సరుకు మిగతావాటిలోంచే తెచ్చుకోవాలి.

చట్టం పాఠం, కాపీరైట్ ఆఫీసు సైట్

కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్లో తరచూ అడిగే ప్రశ్నలున్నాయి, ఒక హ్యాండ్‌బుక్ ఉంది. సవరణలన్నీ కలిపిన చట్టం పాఠం ఇండియా కోడ్ సైట్లో దొరుకుతుంది. ప్రశ్నోత్తరాల్లో ఎక్కువ భాగం రిజిస్ట్రేషన్ గురించే. ఫారం ఎలా నింపాలి, ఫీజెంత అనే గొడవ. లెక్చరర్‌కి అది పెద్దగా అక్కర్లేదు. రచన పుట్టగానే కాపీరైట్ పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ ఒక్క ముక్క తీసుకుని ముందుకి వెళ్లండి.

హ్యాండ్‌బుక్‌లో చదివింది చట్టం పాఠంతో ఒకసారి సరిచూసుకోవడం నా అలవాటు. మీరూ చేసుకోండి.

అసలు నిధి సెక్షన్ 52 పాఠం. చూస్తే భయం వేస్తుంది. చాంతాడంత సెక్షన్, క్లాజులు అక్షరాలన్నీ అయిపోయి జెడ్‌ఏ, జెడ్‌బీ, జెడ్‌సీ దాకా వెళ్తాయి. మనకి కావలసినవి అరడజను. (ఐ) క్లాజు: పాఠం చెప్పే క్రమంలో టీచరో విద్యార్థో ఏ రచననైనా కాపీ చేసుకోవచ్చు, పరీక్ష ప్రశ్నల్లో వాడొచ్చు, జవాబుల్లో రాయొచ్చు. రెండో ప్రశ్న ఇక్కడే తీరిపోయింది. కవిత ఎవరిదైనా ప్రశ్నపత్రంలో వేసుకోవచ్చు. (జె) క్లాజు: కాలేజీ కార్యక్రమాల్లో సిబ్బంది, విద్యార్థులు నాటకం వేయొచ్చు, పాట పాడొచ్చు. చూసేవాళ్లు సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, కాలేజీ కార్యక్రమాలతో సంబంధం ఉన్నవాళ్లు అయివుండాలి. లైవ్ పెట్టామా, చూసేది ప్రపంచమంతా. మా యాన్యువల్ డే ఒకసారి అలా లైవ్ పెడితే పాట వచ్చిన చోటల్లా శబ్దం ఆగిపోయింది. ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం మాత్రం పూర్తిగా వినబడింది.

అయిదో ప్రశ్నకి సెక్షన్ 17. ఉద్యోగంలో భాగంగా తయారుచేసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. గెస్ట్ ఫ్యాకల్టీ పరిస్థితి వేరు కావచ్చు. వాళ్లు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదువుకోవాలి.

మొదటి ప్రశ్నకి మాత్రం చట్టం పాఠం ఒక్కటే చాలదు, ఢిల్లీ హైకోర్టు తీర్పు కావాలి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి అనే ఫోటోకాపీ షాపు ఉంది. టీచర్లు చెప్పిన భాగాలు వేర్వేరు పుస్తకాల్లోంచి తీసి కోర్స్ ప్యాకులుగా కట్టి అమ్మేవాళ్లు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణకర్తలు 2012లో దావా వేశారు. 2016 సెప్టెంబర్‌లో ఏకసభ్య బెంచి దావా కొట్టేసింది. అప్పీలు మీద డిసెంబర్‌లో డివిజన్ బెంచి (ఇద్దరు జడ్జీలు), పాఠం చెప్పే క్రమం అంటే క్లాసు గది నాలుగు గోడల మధ్య జరిగేది మాత్రమే కాదనీ, పేజీల లెక్క కొలబద్ద కాదనీ, పాఠానికి ఎంత అవసరమో అదే కొలత అనీ చెప్పింది. ఆ అవసరం ఎంతన్నది విచారణలో తేల్చమని వెనక్కి పంపింది. 2017లో ప్రచురణకర్తలే దావా మానుకున్నారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. అది ఢిల్లీ హైకోర్టు తీర్పు. కటక్‌లోని మన హైకోర్టు దాన్ని గౌరవంగా చూడొచ్చు గాని, కట్టుబడి తీరాలని లేదు. రెండు, అక్కడ గొడవ కాగితం కాపీల మీద. వాట్సాప్ గ్రూపు గురించి అది నేరుగా ఏమీ తేల్చలేదు. నా మట్టుకు నేను చెప్పేది: ఆ సెమిస్టర్ పిల్లలు మాత్రమే ఉన్న గ్రూపులో, పాఠానికి కావలసినంతే, పుస్తకం పేరూ రచయిత పేరూ రాసి పెట్టండి. అదే ఫైలు కాలేజీ వెబ్‌సైట్లో అందరికీ తెరిచి పెట్టొద్దు. ఫిజిక్స్ సార్ 34 పేజీలూ ఇచ్చి ఉండొచ్చు. స్పైరల్ బైండింగ్‌లోకి వెళ్లిన మొత్తం పుస్తకానికి మాత్రం ఈ మాట చెప్పలేను.

విదేశీ యూనివర్సిటీల గైడ్లు

వీటి మీద నాకు ఈర్ష్య. ఎంత అందంగా రాస్తారో. "మీరు లెక్చరరా? ఇక్కడ నొక్కండి. రీసెర్చ్ స్కాలరా? ఇక్కడ." బొమ్మలు, చిన్న క్విజ్‌లు, సందేహం వస్తే అడగడానికి ఒక మనిషి. చాలాచోట్ల కాపీరైట్ కోసమే ఒక ఆఫీసరుంటారు. పని దగ్గర మొదలయ్యే గైడ్ ఎలా ఉండాలో నేర్చుకోవాలంటే వీటిని మించినవి లేవు.

రూపం వాళ్ల దగ్గర నేర్చుకోండి. జవాబులు మాత్రం తెచ్చుకోవద్దు. ఎంత తేడా వస్తుందో మన జిల్లా ఉదాహరణే చెప్తాను. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సవర గిరిజనుల మీద రాసిన పుస్తకం మా లైబ్రరీకి వచ్చే పరిశోధకులందరూ అడుగుతారు. ఆయన 1964 ఫిబ్రవరిలో పోయారు. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు లెక్క. అంటే 2024 డిసెంబర్ 31తో కాపీరైట్ తీరిపోయింది. 2025 జనవరి 1 నుంచి ఇక్కడ ఎవరైనా స్కాన్ చేసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, ఒడియాలోకో తెలుగులోకో తిప్పుకోవచ్చు. బ్రిటన్‌లో లెక్క 70 ఏళ్లు. అక్కడి గైడ్ చదివినవాళ్లు 2034 చివరిదాకా ఆగాలనుకుంటారు. మా దగ్గరికి వచ్చిన స్కాలర్ ఒకమ్మాయి అలాగే అనుకుని, అక్కర్లేని అనుమతి కోసం ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

ఇంకో లోటు కూడా ఉంది, అది వాళ్ల తప్పేం కాదు. వాళ్ల క్లాసు ఒకే భాషలో నడుస్తుంది. మన క్లాసులో పుస్తకం ఇంగ్లీషు, బోర్డు మీద ఒడియా, వెనక బెంచీలకి తెలుగు, ఇంటి దగ్గర సవర మాట్లాడే పిల్లలకి మళ్లీ విడిగా. ఒక పేజీని తర్జుమా చేసి పంచితే ఏమవుతుందన్న ప్రశ్న ఆ గైడ్లలో మనకి కావలసినంత వివరంగా ఉండదు. మన చట్టంలో తర్జుమా హక్కు విడిగా ఉంది, అది రచయితది. క్లాసులో నోటితో అర్థం చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తర్జుమాని పుస్తకంగా వేయాలన్నా, నెట్‌లో అందరికీ పెట్టాలన్నా అడిగి తీరాలి.

కోర్సులు: స్వయం, ఎన్‌పీటీఈఎల్, వైపో

సర్టిఫికెట్ కావాలా, సందేహం తీరాలా? ఈ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే కోర్సు ఎంచుకోవడం తేలిక.

స్వయం 2017 నుంచి నడుస్తోంది, ఎన్‌పీటీఈఎల్ అంతకన్నా పాతది. మేధోసంపత్తి హక్కుల మీద కోర్సులు వచ్చిపోతుంటాయి. మన చట్టమే చెప్తారు, పాఠాలు చక్కగా ఉంటాయి. కాని చాలావాటిలో పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు సగానికి పైగా ఆక్రమిస్తాయి. కాపీరైట్ వచ్చేసరికి మూడో వారమో నాలుగో వారమో అవుతుంది. చేరే ముందు వారాలవారీ సిలబస్ తెరిచి కాపీరైట్‌కి ఎంత చోటిచ్చారో చూడండి. వీడియోలు డౌన్‌లోడ్ చేసుకునే వీలుంటే బరంపురం వెళ్లినప్పుడు దించుకుని తెచ్చుకోవచ్చు.

వైపో అంటే ప్రపంచ మేధోసంపత్తి సంస్థ. వాళ్ల డీఎల్-101 అనే ఆన్‌లైన్ కోర్సు ఉచితం. అంతర్జాతీయ ఒప్పందాలు, హక్కుల మూలసూత్రాలు బాగా తెలుస్తాయి. రేపు పొద్దున్న ప్రశ్నపత్రం సెట్ చేయాల్సిన లెక్చరర్‌కి ఇది మంగలికత్తి అడిగితే గొడ్డలి ఇచ్చినట్టు. కాపీరైట్ మీదే ఉన్న పైస్థాయి కోర్సుకి ఫీజు కట్టాలి.

కేంద్రం 2021 డిసెంబర్‌లో మొదలుపెట్టిన నిపమ్ (మేధోసంపత్తి అవగాహన కార్యక్రమం) కింద కాలేజీలకి ఉచితంగా అవగాహన సెషన్లు ఇస్తున్నారు. ఒక పూటలో అయిపోతుంది. మొదటిసారి వినేవాళ్లకి మంచిదే. వీడియో సైట్లలో దొరికే లాయర్ల ఉపన్యాసాల సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. చాలావాటిలో మొదటి పది నిమిషాలూ సెక్షన్ 63 గురించే, ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా అని. అది నిజమే గాని, ఆ టెన్షన్‌తో లేచిపోయినవాళ్లు సెక్షన్ 52 దాకా ఉండరు. ఏఐ చాట్‌బాట్‌ని అడిగేవాళ్లు "భారత చట్టం ప్రకారం, ఏ సెక్షనో చెప్పు" అని చేర్చండి. ఆ సెక్షన్ తీసి మీరే చదవండి. మేం ఊరికే అడిగినప్పుడు అమెరికా నాలుగు అంశాలే వచ్చాయి.

క్రియేటివ్ కామన్స్

ఇది వేరే దారి. ఎవరి అనుమతీ అడగకుండా వాడుకోగలిగిన సరుకే వాడదాం అనుకునేవాళ్లకి. ఫలానా షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని రచయితలు ముందే ఇచ్చేసే ఆరు రకాల లైసెన్సులు, వాటితోపాటు హక్కులన్నీ వదిలేసుకునే సీసీ జీరో. వాళ్ల సర్టిఫికెట్ కోర్సుకి డబ్బు కట్టాలి. అదే పాఠం మాత్రం నెట్‌లో ఉచితంగా ఉంది, మార్చుకుని వాడుకోవచ్చు కూడా. మన ప్రాంతంలో ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది "ఎన్‌డీ" గుర్తు. నో డెరివేటివ్స్ అని. అది ఉంటే తర్జుమా చేసి పంచడానికి వీల్లేదు. రెండు మూడు భాషల్లో పాఠం చెప్పేవాళ్లు ఆ గుర్తున్న సరుకుని మొదటే పక్కన పెట్టుకోవడం మేలు.

సొంతంగా నోట్సు, వీడియోలు తయారుచేసేవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. పైన చెప్పిన సెక్షన్ 17 చూసుకుని, కాలేజీతో మాట్లాడుకుని అప్పుడు పెట్టండి.

ఎవరికి ఏది

వారానికి ఇరవై క్లాసులు చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీకి కోర్సులు వద్దు. సెక్షన్ 52లో (ఏ), (ఐ), (జె) క్లాజులు, రామేశ్వరి తీర్పు గురించి ఒక పేజీ. ఇంతే.

లైబ్రేరియన్లకి వేరే లెక్క. మనకి చట్టం పాఠమే కావాలి, ఓపికగా. (ఎన్), (ఓ) క్లాజులు లైబ్రరీల గురించే: దగ్గరున్న కాగితపు ప్రతిని భద్రత కోసం డిజిటల్‌గా దాచుకోవడం, మన దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి లైబ్రరీ వాడకం కోసం మూడు ప్రతులదాకా తీసుకోవడం. అక్కడ "వాణిజ్యేతర పబ్లిక్ లైబ్రరీ" అన్నారు. కాలేజీ లైబ్రరీ ఆ మాట కిందికి వస్తుందా అన్నది మీ యూనివర్సిటీ లాయర్‌ని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. అన్నిటికన్నా ముందు రచయిత ఎప్పుడు పోయారో చూడండి. ఫకీర్ మోహన్ సేనాపతి 1918లో, గురజాడ 1915లో పోయారు. మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు 1940లో పోయారు. వీళ్ల రచనలకి ఏ క్లాజూ అక్కర్లేదు, కాపీరైటే లేదు. విశ్వనాథ 1976లో పోయారు, 2036 చివరిదాకా ఉంది. శ్రీశ్రీ 1983, అంటే 2043. పాత రచనే అయినా కొత్త ఎడిషన్‌లో వేరేవాళ్లు రాసిన ముందుమాట, నోట్సు ఉంటే వాటి హక్కు విడిగా ఉంటుందని మరిచిపోవద్దు.

రీసెర్చ్ స్కాలర్లూ వాళ్ల గైడ్లూ థీసిస్ శోధ్‌గంగలోకి (థీసిస్‌లని నెట్‌లో అందరికీ తెరిచి పెట్టే భాండాగారంలోకి) వెళ్తుందన్న సంగతి దృష్టిలో పెట్టుకోవాలి. ఇంట్లో చదువుకోడానికి కాపీ చేసుకున్న మ్యాపు, ఫోటో థీసిస్‌లో వేస్తే అది లోకమంతా చూసేదవుతుంది. వీళ్లకి క్రియేటివ్ కామన్స్ పాఠం, సెక్షన్ 52(1)(ఏ) రెండూ కావాలి. టైమున్న పీహెచ్‌డీ వాళ్లకి స్వయం కోర్సు కూడా దండగ కాదు.

ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) చూసుకునేవాళ్లకి నాక్ (కాలేజీలకి గ్రేడ్లిచ్చే సంస్థ) ఫైలులో కాగితం కావాలి. నిపమ్ సెషన్ ఒకటి పెట్టించండి, ఇద్దరు ముగ్గుర్ని స్వయంలో చేర్చండి. దాంతో స్టాఫ్‌కి కాపీరైట్ తెలిసిపోయిందని మాత్రం అనుకోవద్దు.

అందరూ మరిచిపోయే మనిషి ఒకరున్నారు: వెబ్‌సైట్లో ఫైళ్లు పెట్టే ఆఫీసు కుర్రాడు. ఎవరేం పంపినా పెట్టేది ఆయనే. ఆయనకి ఒకే ఒక ప్రశ్న నేర్పండి, "ఇది ఎవరు రాసింది, అందరికీ పెట్టొచ్చని ఎవరు చెప్పారు?"

సొంత పేజీ ఎలా కట్టుకోవాలి

పది శాతం కాగితం పీకేశాక మేం చేసింది ఇదే. ఒక ఏ4 కాగితానికి సరిపడా పేజీ. పైన చెప్పిన అయిదు ప్రశ్నలు, ఇంకో రెండు. ఒక్కో ప్రశ్న కింద "చేయొచ్చు", "చేయకూడదు", "అడగండి" అనే మూడు మాటల్లో ఒకటి, దాని కింద రెండు వాక్యాలు, ఏ సెక్షనో. ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. పీడీఎఫ్ కాకుండా మామూలు వెబ్ పేజీగా పెట్టాం, చిన్న ఫోన్లో కూడా తెరుచుకోవాలని.

చట్టాన్ని మనం తర్జుమా చేయొచ్చా అని మా ఒడియా సార్‌కి అనుమానం వచ్చింది. న్యాయమైన అనుమానమే. దానికీ జవాబు సెక్షన్ 52లోనే ఉంది, (ఆర్) క్లాజు. ఒక చట్టానికి ఆ భాషలో ప్రభుత్వ తర్జుమా లేకపోయినా, ఉండి అమ్మకానికి దొరక్కపోయినా ఎవరైనా తర్జుమా చేసుకోవచ్చు. ఒకే షరతు: ఇది ప్రభుత్వం ఆమోదించిన ప్రామాణిక తర్జుమా కాదని కనబడేచోట రాయాలి. మేం పేజీ పైనే రాశాం. మూల చట్టాన్ని పెట్టాలన్నా మన వ్యాఖ్య కలిపి పెట్టమంటుంది (క్యూ) క్లాజు. కోర్టు తీర్పుల్ని, కోర్టే వద్దంటే తప్ప, ఎత్తి రాసుకోవచ్చు.

దీనికి ఖరీదు లేకపోలేదు. మాకు రెండు నెలలు పట్టింది. "అడగండి" అని రాసినచోట ఎవర్ని అడగాలో పేరు రాయాలి. మా దగ్గర ఆ పేరు నాదే అయింది, ఫోన్లు పెరిగాయి. చిన్న కాలేజీలు ఒక్కొక్కటీ విడిగా ఇంత శ్రమ పడక్కర్లేదు. నాలుగైదు కలిసి ఒకటి రాసుకుని, ఎవరైనా వాడుకోవచ్చని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెట్టుకోవచ్చు. ఇద్దరు ముగ్గురే స్టాఫ్ ఉన్నచోట అదీ కుదరకపోతే, (ఐ), (జె) క్లాజులు ప్రింటు తీసి జెరాక్స్ మెషీన్ పక్కన అంటించండి.

పేజీ కింద "చివరిసారి సరిచూసిన తేదీ" అని ఒక వరుస ఉంచండి. మేం ఏటా జనవరి మొదటి వారంలో చూస్తాం. ఆ రోజుల్లోనే కొత్తగా కాపీరైట్ తీరినవాళ్ల పేర్లు కూడా చేరుస్తాం. టీఎస్ ఎలియట్ 1965 జనవరిలో పోయారు కాబట్టి 2026 జనవరి 1 నుంచి ఆయన బతికుండగా అచ్చయిన రచనలు మన దేశంలో అందరివీ. ఎంఏ ఇంగ్లీష్ మేడమ్ ఆ వరుస కోసం రెండేళ్లుగా కాచుకుని కూర్చున్నారు.